జంట పట్టాలు వచ్చాయి.. పాత ప్యాసింజర్ల మాటేమిటి?

ముదినేపల్లి: కొల్లేటి దక్షిణపు అంచున ఉన్న ముదినేపల్లి, మండవల్లి, కైకలూరు, కలిదిండి మండలాల ప్రజలకు రైలు కొత్త కాదు. తాతల కాలం నుంచీ ఈ ప్రాంతపు వడ్లు, పాలు, చేపలు, చదువుకునే పిల్లలు, ఆసుపత్రికి వెళ్లే రోగులు విజయవాడ-గుడివాడ-భీమవరం పట్టాల మీదుగానే పట్నం చేరారు. ఇటీవలి సంవత్సరాలలో ఈ మార్గం రూపురేఖలే మారిపోయాయి. ఒంటి పట్టా స్థానంలో జంట పట్టాలు పడ్డాయి. డీజిల్ పొగ స్థానంలో విద్యుత్ తీగలు వచ్చాయి. దూరప్రాంతపు ఎక్స్‌ప్రెస్‌లు వేగం పెంచుకుని దూసుకుపోతున్నాయి. అయితే ప్రతి చిన్న స్టేషన్‌లోనూ ఆగుతూ, ఊరిని ఊరితో కలుపుతూ, ఒక జిల్లా నుంచి మరో జిల్లా పట్టణానికి తక్కువ ఛార్జీతో చేరవేసిన పాత ప్యాసింజర్ల పునరుద్ధరణ మాత్రం పట్టాల పనులతో సమానంగా సాగలేదు. పట్టా వేయడం ఒక ఎత్తు, దానిపై పేదవాడు ఎక్కదగిన రైలు నడపడం మరో ఎత్తు అన్న సంగతి ఈ మార్గపు చరిత్రను పరిశీలిస్తే బోధపడుతుంది.

రెండు లైన్ల నడుమ..

ముదినేపల్లి మండల కేంద్రంలో రైల్వే స్టేషన్ లేదు. గుడివాడ జంక్షన్ వద్ద రైలు మార్గం రెండుగా చీలుతుంది. ఒక పాయ గుడ్లవల్లేరు, కవుతరం, వడ్లమన్నాడు, పెడన మీదుగా మచిలీపట్నం వెళుతుంది. రెండవది మోటూరు, పుట్లచెరువు, మండవల్లి, కైకలూరు, పల్లెవాడ, ఆకివీడు, చెరుకువాడ, ఉండి మీదుగా భీమవరం చేరుతుంది. ఈ రెండు పాయల నడుమ పంగలో ఉన్నది ముదినేపల్లి. ఇక్కడి వారు రైలెక్కాలంటే పడమర గుడివాడకైనా, ఉత్తరాన మండవల్లి, పుట్లచెరువు వంటి చిన్న స్టేషన్లకైనా వెళ్లాలి. గుడివాడలో ఎక్స్‌ప్రెస్‌లు ఆగుతాయి, చిన్న స్టేషన్లలో ప్యాసింజర్లే దిక్కు. కాబట్టి ప్యాసింజరు రద్దయితే ముదినేపల్లి వాసికి సమీపంలోని స్టేషన్ ఉన్నా లేనట్టే. ఆటోకో, బస్సుకో చెల్లించి గుడివాడ చేరాక, అక్కడి నుంచి మళ్లీ రైలు టిక్కెట్టు కొనుక్కోవాలి. ప్రయాణ వ్యయంలో ఈ మొదటి పది, పదిహేను కిలోమీటర్ల భాగమే ఎక్కువ కావడం పల్లె ప్రయాణికునికి అనుభవైకవేద్యం.

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ముదినేపల్లి కృష్ణా జిల్లా నుంచి విడివడి ఏలూరు జిల్లాలో చేరింది. కైకలూరు, మండవల్లి, కలిదిండి మండలాలదీ అదే దారి. అంతకుముందు 2008 నాటి నియోజకవర్గాల పునర్విభజనతో ముదినేపల్లి శాసనసభ నియోజకవర్గం అంతరించి, మండలం కైకలూరులో కలిసిన సంగతి విదితమే. కలెక్టరేటు ఏలూరుకు మారింది గాని రైలు మారలేదు. కైకలూరు నుంచి ఏలూరుకు రైలులో వెళ్లాలంటే గుడివాడ మీదుగా విజయవాడ చేరి, అక్కడ వేరే బండి ఎక్కి వెనక్కు రావాలి. లేదా భీమవరం, నిడదవోలు చుట్టి తాడేపల్లిగూడెం మీదుగా దిగి రావాలి. గుడివాడ-విజయవాడ 43 కి.మీ., విజయవాడ-ఏలూరు 60 కి.మీ. అంటే గుడివాడ నుంచి లెక్కించినా నూరు దాటుతుంది. కొల్లేరు మీదుగా రోడ్డు మార్గంలో ఈ దూరంలో సగం కూడా ఉండదు.

ఆ రోడ్డుకూ ఒక గండం ఉన్నది. 2024 సెప్టెంబరులో బుడమేరు, ఇతర వాగుల వరద కొల్లేటిని ముంచెత్తినప్పుడు చినఎడ్లగాడి వద్ద రహదారిపైకి నీరు చేరి ఏలూరు-కైకలూరు రాకపోకలు స్తంభించాయి. జిల్లా కేంద్రంతో సంబంధం తెగిన ఆ రోజులలో చుట్టు తిరిగి వెళ్లే రైలే నయమని చాలామందికి తోచి ఉంటుంది.

అరేబియా సముద్రం దాకా మీటరుగేజి

కోస్తాలోని ప్రధాన రైలు మార్గం 1893లో మొదలైంది. ఈస్టుకోస్టు స్టేట్ రైల్వే వారు విజయవాడ నుంచి ఏలూరు, తాడేపల్లిగూడెం, నిడదవోలు మీదుగా గోదావరి ఒడ్డు వరకు బ్రాడుగేజి పట్టాలు వేశారు. గోదావరిపై వంతెన 1900 వరకు పూర్తి కానందున అంతవరకు ప్రయాణికులు నదిని పడవలపై దాటి ఆవలి గట్టున మరో రైలెక్కేవారు. ఈ ప్రధాన మార్గం కొల్లేటికి ఉత్తరపు ఒడ్డుగా పోయింది. దక్షిణపు ఒడ్డున ఉన్న కైకలూరు, గుడివాడ, బందరు ప్రాంతాలకు అప్పట్లో కాలువలలో నడిచే పడవలు, ఎడ్లబండ్లే ఆధారం.

దక్షిణపు ఒడ్డుకు రైలు 1908లో వచ్చింది. విజయవాడ నుంచి గుడివాడ మీదుగా మచిలీపట్నానికి మీటరుగేజి మార్గం ఆ సంవత్సరమే తెరిచారు. ఈ మార్గపు ప్రాముఖ్యం దాని పొడవులో లేదు, అది దేనితో కలిసిందన్న దానిలో ఉన్నది. అప్పటికే గోవాలోని మార్ముగోవా రేవు నుంచి హుబ్బళ్లి, బళ్లారి, గుంతకల్లు, నంద్యాల, గుంటూరు మీదుగా కృష్ణా తీరం వరకు మీటరుగేజి పట్టాలు ఉన్నాయి. మచిలీపట్నం శాఖ దానికి తూర్పు కొస అయింది. 1611లోనే ఆంగ్లేయులు వర్తక స్థానం నెలకొల్పుకున్న బందరు రేవు, పశ్చిమ తీరంలోని పోర్చుగీసు రేవు ఒకే వెడల్పు గల పట్టాలతో ముడిపడ్డాయి. గుడివాడ స్టేషన్‌లో నిలబడి పడమటి వైపు చూస్తే ఆ పట్టా అరేబియా సముద్రం దాకా సాగుతుందన్న మాట.

మరో రెండు దశాబ్దాలకు, 1928లో, గుడివాడ-భీమవరం మీటరుగేజి లైను వచ్చింది. ఇదే నేటి మండవల్లి, కైకలూరు, ఆకివీడు స్టేషన్లకు జన్మనిచ్చిన లైను. కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరును దాటుతూ, పూర్వపు కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాలను కలుపుతూ మెత్తని బంకమట్టి నేలపై గట్టు పోసి దీనిని నిర్మించారు. ఆ నేలలో గట్టు నిలబెట్టడం నేటికీ ఇంజనీర్లకు పరీక్షే.

స్వాతంత్ర్యానంతరం ఈ మార్గాలన్నిటినీ బ్రాడుగేజికి మార్చారు. మీటరుగేజిలో పట్టాల నడుమ ఎడం ఒక మీటరు కాగా, బ్రాడుగేజిలో 1676 మిల్లీమీటర్లు. ఒకదానిపై నడిచే బండి మరొకదానిపై నడవదు. అందువల్ల మార్పిడి జరిగిన రోజునే ఈ ప్రాంతానికి ఒక లాభం, ఒక నష్టం కలిగాయి. మద్రాసు, హైదరాబాదు, విశాఖపట్నం వైపు నేరుగా బండ్లు నడిచే వీలు కలిగింది. అదే సమయంలో గుంటూరు-గుంతకల్లు మార్గం 1990వ దశకం దాకా మీటరుగేజిలోనే ఉండిపోయినందున పడమటి దేశంతో పాత బంధం తెగిపోయింది. గుంతకల్లు వైపు పోవలసినవారు మధ్యలో బండి మారవలసి వచ్చింది.

తెగిన బంధం తిరిగి అతుక్కున్న తీరు ఆసక్తికరం. గుంటూరు-గుంతకల్లు మార్గం బ్రాడుగేజి అయ్యాక మచిలీపట్నం నుంచి గుంటూరు, నంద్యాల, ధర్మవరం మీదుగా యశ్వంతపూర్ వెళ్లే కొండవీడు ఎక్స్‌ప్రెస్ వచ్చింది. విజయవాడ-హుబ్బళ్లి నడుమ తిరిగే అమరావతి ఎక్స్‌ప్రెస్‌ను అనంతర కాలంలో నరసాపురం వరకు పొడిగించారు. ఇప్పుడు కోస్తా లోపలి నుంచి హుబ్బళ్లికి మళ్లీ నేరుగా రైలున్నది. ఎవరూ ఆ పేరుతో పిలవకపోయినా ఇది శతాబ్దం నాటి మీటరుగేజి దారి పునరుద్ధరణే. దూరప్రాంతపు రైళ్ల విషయంలో పాత దారులు ఈ విధంగా బతికాయి. చిక్కంతా దగ్గరి ప్రయాణాలతోనే.

ప్యాసింజరు అంటే..

రైల్వే పరిభాషలో ప్యాసింజరు అంటే కేవలం నెమ్మదిగా నడిచే బండి కాదు. దానికి రెండు లక్షణాలున్నాయి. ఒకటి, దారిలోని దాదాపు అన్ని స్టేషన్లలో, హాల్టులలో ఆగడం. రెండు, సాధారణ ఛార్జీ వర్తించడం. 2015 నవంబరు 20 నుంచి ఈ ఛార్జీ కనిష్ఠ మొత్తం 5 రూపాయల నుంచి 10 రూపాయలకు పెరిగింది. ఎక్స్‌ప్రెస్‌లో రిజర్వేషన్ లేని రెండవ తరగతికి కనిష్ఠం 30 రూపాయలు. అంటే ఒకే పట్టాపై, ఒకే దూరానికి, బండి పేరు మారితే ఛార్జీ మూడింతలు అవుతుంది.

2020 మార్చి 22 అర్ధరాత్రి నుంచి కరోనా కారణంగా దేశవ్యాప్తంగా ప్రయాణికుల రైళ్లన్నీ నిలిచాయి. తరువాత ప్యాసింజర్లను దశలవారీగా పట్టాలెక్కించినప్పుడు వాటికి సున్నాతో మొదలయ్యే నంబర్లు ఇచ్చి 'ప్రత్యేక' రైళ్లన్నారు, ఎక్స్‌ప్రెస్ ఛార్జీ వసూలు చేశారు. బండి పాతదే, వేళ ఇంచుమించు పాతదే, ఆగే స్టేషన్లూ చాలావరకు పాతవే, టిక్కెట్టు మాత్రం 10కి బదులు 30 రూపాయలు. రోజూ గుడివాడకో, విజయవాడకో పనికి వెళ్లివచ్చే కూలీకి రాకపోకలకు కలిపి 40 రూపాయల అదనపు భారం. నెలకు పాతిక రోజులు లెక్కించినా వెయ్యి రూపాయలు. ఈ పరిస్థితి నాలుగేళ్లకు దగ్గరగా సాగి, 2024 ఫిబ్రవరి చివరిలో రైల్వేశాఖ సాధారణ ఛార్జీలను పునరుద్ధరించింది. సున్నా నంబర్లు పోయి మామూలు నంబర్లు 2025 జనవరి 1 నాటి కాలపట్టికతో వచ్చాయి.

పేరు మారి తిరిగి రాని బండ్లూ ఉన్నాయి. వాటిలో ఈ ప్రాంతానికి ముఖ్యమైనది మచిలీపట్నం-విశాఖపట్నం ప్యాసింజరు. గుడివాడ, కైకలూరు, భీమవరం, తణుకు, నిడదవోలు, రాజమహేంద్రవరం, సామర్లకోట మీదుగా కోస్తా పొడవునా తిరిగిన ఈ బండి బందరు నుంచి విశాఖ దాకా ఒకే సాధారణ టిక్కెట్టుతో ప్రయాణించే వీలు కల్పించింది. సుదూరం తిరిగే ప్యాసింజర్లను ఎక్స్‌ప్రెస్‌లుగా మార్చాలన్న రైల్వే నిర్ణయంలో భాగంగా దీనిని ఎక్స్‌ప్రెస్‌గా మార్చారు. వేగం పెరగడం మంచిదే. బందరులో ఎక్కి విశాఖలో దిగేవారికి అది సౌకర్యం. కాని ఆ బండిలో అధికులు ఆ కొస నుంచి ఈ కొసకు వెళ్లేవారు కారు. ఒక ఊరిలో ఎక్కి నాలుగు స్టేషన్ల తరువాత దిగేవారు. ఎక్స్‌ప్రెస్ అనగానే వారికి ఛార్జీ పెరుగుతుంది, చిన్న హాల్టులు తగ్గుతాయి. దూర ప్రయాణికునికి మిగిలిన గంట, దగ్గరి ప్రయాణికుని జేబు నుంచి వచ్చినదే.

ఒంటి పట్టా సాకు ఇక లేదు

ఈ మార్గంలో అదనపు రైళ్లు కోరినప్పుడల్లా గతంలో వచ్చిన సమాధానం ఒంటి పట్టా. అందులో నిజం లేకపోలేదు. ఒకే పట్టాపై ఎదురెదురుగా వచ్చే రైళ్లు స్టేషన్‌లో మాత్రమే ఒకదానినొకటి దాటుకోగలవు. ప్రాధాన్యక్రమంలో ప్యాసింజరు అట్టడుగున ఉంటుంది కాబట్టి ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడం కోసం అదే పక్క లైనులో నిలబడాలి. పుట్లచెరువులోనో, పల్లెవాడలోనో క్రాసింగు కోసం ఎదురుచూస్తూ కిటికీలోంచి చేపల చెరువులు లెక్కపెట్టిన అనుభవం ఈ లైనులో తిరిగిన ప్రతి ఒక్కరికీ ఉన్నది. 43 కి.మీ. దూరానికి రెండు గంటలు పడితే బస్సెక్కని వారెవరు? ప్రయాణికులు తగ్గారని రైలును తగ్గించడం, రైలు తగ్గిందని ప్రయాణికులు మరింత తగ్గడం ఇలాగే మొదలైంది.

2011-12లో మంజూరైన జంటపట్టాల, విద్యుదీకరణ పథకం ఈ అవరోధాన్ని తొలగించింది. విజయవాడ-గుడివాడ 43 కి.మీ., గుడివాడ-భీమవరం 65, భీమవరం-నరసాపురం 30, గుడివాడ-మచిలీపట్నం 37, భీమవరం-నిడదవోలు 46, వెరసి 221 కి.మీ. పని. రైల్ వికాస్ నిగమ్ ఆధ్వర్యంలో దశలవారీగా జరిగింది. ఒక్క లూప్‌లైను కోసం ఇంత పెట్టుబడి పెట్టడానికి ముఖ్య కారణం స్థానిక ప్రయాణికులు కారు. హౌరా-చెన్నై ప్రధాన మార్గంలో విజయవాడ-నిడదవోలు నడుమ రద్దీ పెరిగిపోగా, దానికి ప్రత్యామ్నాయంగా గుడివాడ-భీమవరం దారి పనికివస్తుంది. 2023, 2024 సంవత్సరాలలో విజయవాడ డివిజన్‌లో పట్టాల పనులు జరిగినప్పుడు ధన్‌బాద్-అలెప్పీ వంటి దూరప్రాంతపు బండ్లను ఏలూరు, తాడేపల్లిగూడెం తప్పించి భీమవరం, గుడివాడ మీదుగానే నడిపారు. అదే పనుల పేరిట ఈ మార్గంలోని ప్యాసింజర్లను రోజుల తరబడి రద్దు చేయడం, లేదా విజయవాడ చేరనీయక రామవరప్పాడు వద్దనే నిలిపివేయడం గమనార్హం. సొంత ఊరి బండి ఆగిపోయిన రోజున పరాయి ఊళ్ల బండ్లు కళ్లముందు వెళ్లిపోవడం మండవల్లి, మోటూరు వాసులు చూశారు.

చెన్నై-విజయవాడ వందేభారత్‌ను 2025 చివరిలో గుడివాడ, భీమవరం మీదుగా నరసాపురం వరకు పొడిగించారు. డెల్టా ప్రాంతానికి అది గౌరవమే. వందేభారత్ నడవగలిగిన పట్టాపై అన్ని స్టేషన్లలో ఆగే మెము బండి నడపడానికి ఇంజనీరింగ్ పరమైన అడ్డంకి ఉండదు. కావలసినవి బోగీలు, సిబ్బంది, విజయవాడ స్టేషన్‌లో ప్లాట్‌ఫారం ఖాళీ. ఈ మూడవదే అసలు కొరత.

చుట్టు తిరిగే మెము

ఏలూరు జిల్లా రూపురేఖలను బట్టి చూస్తే ఒక ఏర్పాటు ఆలోచించదగినదిగా కనిపిస్తుంది. విజయవాడలో బయలుదేరి గుడివాడ, కైకలూరు, భీమవరం, తణుకు, నిడదవోలు చేరి, అక్కడి నుంచి తాడేపల్లిగూడెం, ఏలూరు మీదుగా తిరిగి విజయవాడ చేరే వలయాకారపు ప్యాసింజరు. కొల్లేటి చుట్టూ ప్రదక్షిణం చేసే ఈ దారి పొడవు సుమారు 280 కి.మీ. నిడదవోలు వద్ద ఒక సాంకేతిక చిక్కు ఉన్నది. భీమవరం వైపు నుంచి వచ్చే పట్టా రాజమహేంద్రవరం దిక్కుకు తిన్నగా కలుస్తుంది. తాడేపల్లిగూడెం వైపు వెళ్లాలంటే బండి దిశ మార్చుకోవాలి. ఇంజనుతో నడిచే బండికి ఇది కాలహరణం. ఇంజనును విడదీసి, చుట్టు తిప్పి, వెనుక వైపు తగిలించాలి. రెండు కొసలలోనూ డ్రైవరు గది ఉండే మెముకు ఆ బాధ లేదు. డ్రైవరు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి వెళితే చాలు. రాజమహేంద్రవరంలో మెము కారుషెడ్డు ఉన్నందున నిర్వహణ కోసం దూరం వెళ్లనక్కరలేదు.

ఏలూరు నుంచి కైకలూరుకు కొల్లేరు మీదుగా కొత్త లైను వేస్తే సరిపోతుంది కదా అన్న ప్రశ్న సహజం. కొల్లేటిని 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రాంసర్ జాబితాకు ఎక్కింది. అయిదవ కాంటూరు వరకు 308 చదరపు కి.మీ. అభయారణ్యం. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట చేపల చెరువుల గట్లనే తెగగొట్టిన చోట కొత్తగా రైలు కట్ట పోయడానికి అనుమతులు వస్తాయనుకోవడం దురాశ. పైగా సరస్సు నడుమ అడ్డుకట్ట వేస్తే వరదనీరు నిలిచి ఎగువ గ్రామాలు మునుగుతాయి. ఉన్న పట్టాలపై రైళ్లను కలపడమే సాధ్యమైన మార్గం.

రైళ్లను కలపడమంటే వేళలు కుదర్చడమే. మచిలీపట్నం నుంచి వచ్చే ప్యాసింజరు గుడివాడ చేరే వేళకు భీమవరం వైపు వెళ్లే ప్యాసింజరు సిద్ధంగా ఉంటే ఆ రెండూ కలిసి ఒక దూరపు రైలు చేసే పని చేస్తాయి. పది నిమిషాల తేడాతో ఒకటి తప్పిపోతే రెండూ వృథా. గుడివాడలోని అక్కినేని నాగేశ్వరరావు కళాశాల, భీమవరంలోని డి.ఎన్.ఆర్. కళాశాల, మచిలీపట్నంలోని కృష్ణా విశ్వవిద్యాలయం, ఈ మూడు చోట్లకూ కొల్లేటి పల్లెల నుంచి విద్యార్థులు వెళతారు. వారికి తొమ్మిదిన్నరలోపు దింపి, సాయంత్రం అయిదు తరువాత ఎక్కించుకునే బండి కావాలి. పదకొండు గంటలకు వచ్చే బండి ఎంత కొత్తదైనా వారికి అక్కరకు రాదు. చేపల వ్యాపారానిదీ ఇదే కథ. ఒకప్పుడు ఐసు నింపిన పెట్టెలతో రైలెక్కి కలకత్తా వెళ్లిన కొల్లేటి చేప నేడు లారీ ఎక్కింది. లారీ చెరువు గట్టు దగ్గరకే వస్తుంది, రైతు చెప్పిన వేళకు కదులుతుంది. ఆ వ్యాపారం మళ్లీ రైలుకు వస్తుందని చెప్పలేము గాని, గంపలతో సంతకు వెళ్లే చిన్న అమ్మకందారులకు రైలే చవక.

కోటిపల్లి చెప్పే పాఠం

పోయిన రైలు మార్గాన్ని మళ్లీ తెచ్చుకున్న ఉదాహరణ పొరుగున గోదావరి ఆవల ఉన్నది. కాకినాడ-కోటిపల్లి లైను 1928లో మొదలైంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1940లో, బ్రిటిషు ప్రభుత్వం యుద్ధావసరాలకు ఇనుము కోసం ఆ పట్టాలను పెరికించింది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత అర్ధశతాబ్దం గడిచినా కోనసీమ ముఖద్వారానికి రైలు తిరిగి రాలేదు. అమలాపురం నుంచి లోక్‌సభకు ఎన్నికై 1998లో స్పీకరు పదవిని అధిష్ఠించిన జి.ఎం.సి. బాలయోగి ఈ లైను పునర్నిర్మాణాన్ని, దానిని కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం వరకు పొడిగించడాన్ని పట్టుదలతో ముందుకు నడిపించారు. 2002 మార్చి 3న భీమవరం నుంచి హైదరాబాదుకు తిరిగి వెళుతుండగా ఆయన ప్రయాణిస్తున్న హెలికాప్టరు కైకలూరు సమీపాన కొవ్వాడలంక వద్ద చేపల చెరువులో కూలి ఆయన దుర్మరణం పాలయ్యారు. కోనసీమ రైలును స్వప్నించిన నాయకుడు కొల్లేటి నేలపైనే అసువులు బాయడం ఈ ప్రాంతవాసులు మరువని విషాదం.

సుమారు 45 కి.మీ. కాకినాడ-కోటిపల్లి లైను 2004లో మళ్లీ ప్రారంభమైంది. పట్టా వచ్చింది గాని దానిపై తిరిగినది ప్రధానంగా ఒక రైలుబస్సు. రోడ్డు బస్సును పోలిన ఆ చిన్న వాహనం పరిమితమైన రాకపోకలకే పనికివచ్చింది. రోజుకు ఒకటి రెండుసార్లు వచ్చే బండిని నమ్ముకుని ఎవరూ ఉద్యోగం, చదువు ఏర్పరచుకోరు. పునరుద్ధరణ అంటే పట్టా ఒక్కటే కాదని నిరూపించిన లైను అది.

2000-01లో మంజూరైన కోటిపల్లి-నరసాపురం కొత్త లైను పొడవు 57 కి.మీ. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలపై మూడు పెద్ద వంతెనలు కట్టవలసి ఉన్నందున పని దశాబ్దాలు పట్టింది. అది పూర్తయితే కాకినాడ నుంచి అమలాపురం, నరసాపురం, భీమవరం, కైకలూరు, గుడివాడ మీదుగా మచిలీపట్నానికి తీరం వెంబడి అవిచ్ఛిన్నమైన మార్గం ఏర్పడుతుంది. ఆనాడు గుడివాడ జంక్షన్ ప్రాధాన్యం ఇనుమడిస్తుంది.

విదేశాలలో దీనికి భిన్నమైన అనుభవం ఉన్నది. 1960వ దశకంలో బ్రిటన్ నష్టాల పేరిట వేలాది మైళ్ల శాఖా మార్గాలను మూసివేసింది. స్కాట్లండులో ఎడింబరో నుంచి దక్షిణపు పల్లెలకు వెళ్లే మార్గం 1969లో మూతపడింది. నలభై ఆరేళ్ల తరువాత, 2015 సెప్టెంబరులో, దానిలో సుమారు 50 కి.మీ. భాగాన్ని పునర్నిర్మించి తెరిచారు. ఇక్కడ గుర్తించవలసినది, రోజంతా క్రమమైన వ్యవధిలో రైళ్లు నడిచేలా మొదటి రోజు నుంచే కాలపట్టిక వేశారు. ప్రయాణికులు వచ్చాక రైళ్లు పెంచుదామని కూర్చోలేదు.

అర్జీ ఎక్కడికి?

కొత్త హాల్టు గాని, పాత బండి పునరుద్ధరణ గాని స్టేషన్ మాస్టరు చేతిలో ఉండదు. ప్రతిపాదన డివిజన్ కార్యాలయం నుంచి జోను కేంద్రానికి, అక్కడి నుంచి రైల్వే బోర్డుకు వెళుతుంది. విజయవాడ డివిజన్ 1966లో ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వే నీడలో పెరిగినది. విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోనును 2019 ఫిబ్రవరిలో ప్రకటించి, ప్రధాన కార్యాలయానికి 2025 జనవరి 8న శంకుస్థాపన చేశారు. విజయవాడ డివిజన్‌ను ఆ జోనులో చేర్చారు. కాలపట్టిక నిర్ణయాలు కోస్తా తీరానికే చేరడం ఈ ప్రాంతపు విన్నపాలకు కొంత అనుకూలించవచ్చు. డివిజన్ స్థాయిలో రైల్వే వినియోగదారుల సలహా సంఘం ఉన్నది. వర్తక సంఘాలు, ప్రయాణికుల సంఘాలు, ప్రజాప్రతినిధుల తరఫు సభ్యులు అందులో ఉంటారు. కొత్త కాలపట్టిక రూపొందకముందే అక్కడ లిఖితపూర్వకంగా ప్రస్తావించిన కోరికకు సమాధానం ఇవ్వక తప్పదు. ప్లాట్‌ఫారంపై చేసిన ధర్నాకు ఆ నిర్బంధం లేదు.

హాల్టును సాధారణంగా ముందు ప్రయోగాత్మకంగా ఇస్తారు. ఆ కాలంలో ఆ స్టేషన్‌లో అమ్ముడైన టిక్కెట్ల సంఖ్యను, రాబడిని చూసి కొనసాగించాలా లేదా అన్నది తేలుస్తారు. ఇక్కడే పల్లె ప్రయాణికులు తమకు తెలియకుండా తామే నష్టపోతున్నారు. మండవల్లిలోనో, మోటూరులోనో రైలెక్కి టిక్కెట్టు లేకుండా గుడివాడ వరకు వెళ్లినవారు, లేదా గుడివాడ నుంచి టిక్కెట్టు తీసుకున్నవారు రైల్వే లెక్కలలో ఆ చిన్న స్టేషన్ ప్రయాణికులు కారు. బండి కిక్కిరిసి ఉన్నా కాగితంపై ఆ స్టేషన్ ఖాళీగానే కనిపిస్తుంది. నెలవారీ సీజన్ టిక్కెట్టును ఎక్కే స్టేషన్ పేరు మీదనే తీసుకోవడం, దగ్గరి ప్రయాణానికైనా ఆ స్టేషన్ కిటికీ వద్దనే పది రూపాయల టిక్కెట్టు కొనడం వల్ల ఆ సంఖ్య సరైన ఖాతాలో పడుతుంది. మొబైలు ఫోనులో యాప్ ద్వారా కొనేవారు సైతం బయలుదేరే స్టేషన్‌గా గుడివాడను కాక తాము ఎక్కే స్టేషన్‌నే ఎంచుకోవాలి.